పడమటి దీవుల మీద నాలుగు నిమిషాలు

దరఖాస్తు ఫారంలో 'కుడి కన్ను' అన్న గడిలో ఆమె 'లేదు' అని రాసింది.

కౌంటరు వెనక కూర్చున్న యువకుడు ఆ మాటను రెండుసార్లు చదివి, తలెత్తి ఆమె ముఖం చూశాడు. అక్కడ రెండు కళ్ళూ ఉన్నాయి. పైగా బాగున్నాయి.

"ఇదేంటండీ, లేదు అని రాశారు?"

"లేదు కాబట్టి."

"రెండూ కనిపిస్తున్నాయి కదా?"

"కనిపించేది మీకు. నాకు ఒకదాంతోనే కనిపిస్తుంది. రెండోది గాజుది."

అతను ఫారం వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, మళ్ళీ ఫారం వంకే చూశాడు. ఆ ఫ్లయింగ్ క్లబ్బులో సిమ్యులేటర్ గదికి అతనే శిక్షకుడు, అతనే గుమాస్తా; అందరూ మాస్టారు అనేవారు. ఆ గదిలో అసలు విమానం ఒక్కటీ లేదు. ఉన్నవి పన్నెండు కుర్చీలు, పన్నెండు తెరలు, ఒక్కో కుర్చీ ముందు పట్టుకోవడానికి ఒక స్టిక్కు, కాళ్ళ కింద రెండు పెడళ్ళు. తెర మీద మాత్రం ఎనభై ఏళ్ళు దాటిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం. ఏటా ఒకరోజు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, జంటలు జంటలుగా ఆ పాత విమానాల్లో బ్రిటన్ దేశం చుట్టూ తిరిగి వచ్చే పోటీ పెడతారు. తెర మీద దారి చూపే మ్యాపు ఉండదు. కాగితం మ్యాపు, దిక్సూచి, చేతి గడియారం, అంతే. ఆమె వచ్చింది ఆ పోటీకోసం.

"రూల్ ఉందండీ. పైలట్‌కి రెండు కళ్ళూ బాగుండాలి."

"నేను విమానం కూల్చేశాననుకోండి. ఏమవుతుంది?"

"స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి."

"ఆ అక్షరాలు మీద పడి ఎవరైనా పోయారా ఇంతవరకు?"

అతను నవ్వు కనబడకుండా ఉండేందుకు సొరుగులో స్టాప్లరు వెతికాడు. అది బల్ల మీదే ఉంది.

నిజమైన విమానాలు నడిపేవారికోసం ముప్పై ఏళ్ళ కిందట అచ్చువేసిన ఫారం అది. కుర్చీలో కూర్చుని ఎగిరేవారికీ దాన్నే జిరాక్సు తీసి ఇస్తున్నారు. ప్రమాదమే లేని చోట ప్రమాద నివారణను అమలుచేయడంలో కొందరికి ఒక ప్రత్యేకమైన తృప్తి ఉంటుంది. ఖర్చులేని కర్తవ్యం అది.

"మెంబర్‌షిప్ ఇవ్వలేనండీ. ఆదివారాలు విజిటర్లు కూర్చోవచ్చు. దానికి ఫారం అక్కర్లేదు."

"అయితే ఆదివారం వస్తాను" అని ఆమె వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పవలసినంత మేలు ఏదీ జరగలేదు.

ఆమె గడియారాలు బాగుచేస్తుంది. తొమ్మిదేళ్ళ వయసులో, తండ్రి దుకాణంలో, గోడగడియారపు స్ప్రింగు తెగి కంటికి తగిలింది. పదహారేళ్ళు గడిచాక అదే దుకాణంలో అదే రకం స్ప్రింగులను ఆమె రోజుకు నాలుగైదు బిగిస్తోంది. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని రెండోది మూసుకునే వృత్తి అది. అక్కడ రెండో కన్ను అందరికీ దండగే.

ఆదివారాలు రాసాగింది.

స్పిట్‌ఫైర్ అందగత్తే కాని, ముక్కు మహా పొడుగు. నేరుగా దిగబోతే ఆ ముక్కు రన్‌వేను పూర్తిగా కప్పేస్తుంది. అందుకని వంపు తిరుగుతూ, పక్క అద్దంలోంచి నేలను చూస్తూ దిగాలి. సభ్యుల్లో సగం మంది ఏళ్ళ తరబడి నేరుగా దిగి ఎర్ర అక్షరాలు చూస్తున్నారు. ఆమె రెండో ఆదివారమే, కాగితం మీద కాగితం పెట్టినంత మెత్తగా దిగింది.

"ఎవరు నేర్పారండీ?" అన్నాడు మాస్టారు.

"ఎవరూ నేర్పలేదు. తెర బల్లపరుపుగా ఉంటుంది మాస్టారూ, దాన్లో లోతుండదు. మీరంతా లేని లోతుకోసం వెతుకుతున్నారు. నాకు తొమ్మిదో ఏటే లోతు పోయింది. అంచులు ఎంత త్వరగా విచ్చుకుంటున్నాయో చూసి దూరం లెక్కకట్టడం అప్పుడే అలవాటైంది."

ఆ తర్వాత నుంచి అతను ఆమె పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మూడు వారాలు కూర్చున్నాడు. నాలుగో వారం లేచి దూరపు కుర్చీకి పోయి, మూతి ముడుచుకున్నాడు.

బయట వాన మొదలైంది. తెర మీద మాత్రం డోవర్ తీరంలోని తెల్లని కొండలపై ఎండ కాస్తోంది.

"ఏమైంది మాస్టారూ, అలిగారా?"

"అలగడానికి నేనెవరినండీ? మూడు వారాలుగా నవ్వుతున్నాను. మీరొక్కసారి కూడా తిరిగి నవ్వలేదు. సరే, నచ్చలేదేమో అనుకున్నా."

"ఎటు నుంచి నవ్వారు?"

"ఇటు నుంచి. కుడి పక్క నుంచి."

ఆమె స్టిక్కు వదిలి, కుర్చీ మొత్తం తిప్పి అతని వంక చూసింది.

"ఆ పక్క నాకు గోడ. ఫారంలో రాశాను కదా. చదివే కదా వెనక్కిచ్చారు?"

"చదివాను." అతని ముఖం ఎర్రబడింది. "మర్చిపోయానండీ."

ఏ కంటి పేరుతో ఆమెను గుమ్మం దాటనివ్వలేదో ఆ కన్ను సంగతే అతను మరిచిపోయాడు. జాలిపడినవారిని ఆమె చాలామందిని చూసింది, భయపడినవారిని చూసింది. మరిచిపోయినవాడిని చూడడం అదే మొదటిసారి. తెర మీద విమానం తనంతట తాను వంగి సముద్రంలో పడింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇద్దరూ చదవలేదు.

"ఎడమ పక్కకి వచ్చి నవ్వండి" అంది.

అతను వెళ్ళి నవ్వాడు. వాన కిటికీ అద్దాల మీద నిదానంగా, ఏ తొందరా లేకుండా జారుతూనే ఉంది.

పోటీలో అతను గత రెండేళ్ళూ స్కాట్లాండ్ పడమటి దీవుల దగ్గర దారి తప్పాడు. మేఘాల కింద ఒక దీవికీ ఇంకో దీవికీ పోలిక చెప్పలేం. రెండుసార్లు తప్పిపోయిన మాస్టారుతో మూడోసారి జంటకట్టడానికి సభ్యులెవరూ ఒప్పుకోలేదు. పన్నెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగానే ఉంది.

"మీరు నేలని చూస్తారు, గడియారం చూడరు" అంది ఆమె. "దిక్కు తెలుసు, వేగం తెలుసు. ఇంక కావలసింది టైమే. నేను ముందు వెళ్తాను, మీరు నా వెనకాల రండి."

అతను క్లబ్బు అధ్యక్షుడి దగ్గరకు వెళ్ళి అడిగాడు. తిరిగి వచ్చేటప్పటికి అతని నడకలోనే జవాబు ఉంది.

"పోటీకి ఒప్పుకోలేదండీ. పోటీ అయ్యాక మీచేత ఒక స్పెషల్ ప్రదర్శన పెట్టిస్తారట. ధైర్యానికి మెచ్చుకోలుగా."

"నాకు చప్పట్లు అక్కర్లేదు. కుర్చీ కావాలి. మిగిలినవాళ్ళ ఫారాలు చూపించండి."

"ఎందుకండీ?"

"చూపించండి."

అతను ఫైలు తెచ్చాడు. మామూలుకంటే నెమ్మదిగా తెచ్చాడు. పదకొండు ఫారాలు. పదకొండింటిలోనూ 'బాగుంది, బాగుంది'. ఒకే నీలం సిరా, ఒకే గుండ్రటి దస్తూరీ. రోజంతా దంతచక్రాల పళ్ళు లెక్కపెట్టే మనిషికి అక్షరాల పోలిక పట్టడానికి అరనిమిషం పట్టలేదు.

"ఇవి మీరు రాసినవి."

"అవునండీ."

"ఎవరికైనా కంటిపరీక్ష చేయించారా?"

"లేదు. గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో ఒప్పుకోరు. అందుకని నేనే నింపేశాను."

"అంటే పదకొండు అబద్ధాలు లోపల కూర్చున్నాయి, ఒక్క నిజం బయట నిలబడింది. తలుపు దగ్గర కాపలా మీరు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు.

ఈలోగా అధ్యక్షుడు, ఆమెను ఒక్కమాటైనా అడగకుండా, వీధుల్లో పోస్టర్లు అంటించాడు: 'ఒంటికంటి వీరవనిత – ప్రత్యేక ప్రదర్శన'. దయగల మనుషులు అనుమతి అడగరు. తాము చేసేది మేలేనని వారికి ముందే తెలుసు.

"ఊరంతా అంటించారే" అంది తల్లి, చించి తెచ్చిన పోస్టరును వంటగది గట్టు మీద పరిచి. "ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా దాచుకొచ్చాను."

"రెప్ప కాపాడుతుందమ్మా. దాచిపెట్టదు."

"మాటలకేం తక్కువ లేదు. నిన్ను చూడడానికి వస్తామన్న సంబంధం వాళ్ళు ఫోన్ చేశారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు? కుదరదన్నారు."

"పోనీలే. కన్ను చూసి కుదిరేది కన్ను చూసే పోతుంది."

"ఇంక ఆ క్లబ్బు గడప తొక్కావంటే ఊరుకోను."

"ఎల్లుండి పోటీ. పొద్దున్నే వెళ్తున్నాను. కావాలంటే నువ్వూ రా."

తల్లి వచ్చింది, చేయిపట్టి వెనక్కి తీసుకుపోదామని. తీరా వచ్చేసరికి కూతురు పదకొండో నంబరు కుర్చీలో కూర్చుని మ్యాపు మీద గీతలు గీసుకుంటోంది. అధ్యక్షుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, నీ ప్రదర్శన సాయంత్రం కదా?"

"నేను ప్రదర్శనకి రాలేదండీ. పోటీకి వచ్చాను."

"రూల్స్ ఒప్పుకోవమ్మా."

"ఏ రూల్సు సార్?" అంటూ మాస్టారు ఫైలుతో ముందుకు వచ్చాడు. "ఈ పదకొండు ఫారాల్లో కళ్ళు బాగున్నాయని రాసింది నేను. ఎవరికీ పరీక్ష చేయించలేదు. మీకు కూడా. రూల్ అందరికీ పెడితే ఈరోజు పన్నెండు కుర్చీలూ ఖాళీ. లేకపోతే ఆవిడ కూర్చున్న కుర్చీ ఆవిడదే."

"ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"తెలుసు సార్. ముందు ఇది చదవండి. మీ ఫారమే."

అధ్యక్షుడు కాగితాన్ని అందుకుని కాస్త దూరంగా పట్టుకున్నాడు. ఇంకాస్త దూరంగా పట్టుకున్నాడు. తన చూపు నిర్దోషమని రాసి ఉన్న ఆ వాక్యాన్ని చదవడానికి ఆయన చెయ్యి పొడవు చాలలేదు.

"నేను చదివిపెడతాను, ఇటివ్వండి" అన్నాడు మూడో కుర్చీలోంచి, రైలింజను నడిపి రిటైరైన తాత. "అయితే నాకు ఎడమ కంట్లో శుక్లం. సగమే చదవగలను. మిగతా సగం ఇంకెవరైనా అందుకోండి."

గది మొత్తం నవ్వింది. నవ్వు చల్లారాక అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"సరే, ఈ ఒక్క ఏడాదికి..."

"ఒక్క ఏడాదికి కాదు" అంది ఆమె, కుర్చీలోంచి లేవకుండానే. "ఫారంలో ఆ గడి కొట్టేయండి. కొట్టేసి సంతకం పెట్టండి. ఎక్కడో నేను చూపిస్తాను."

ఆమె వేలు పెట్టిన చోట ఆయన సంతకం పెట్టాడు. పోయిన పరువులో కొంతైనా దక్కించుకోవాలి కనుక మాస్టారు వైపు తిరిగి, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

మాస్టారు పన్నెండో కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"మీ మీద కోపం పోలేదు" అంది ఆమె, మైకులో. "నా వెనకాల ఎడమ రెక్క వైపు రండి. దారి తప్పకండి."

"సరేనండీ."

తెల్లని కొండలు వెనక్కి పోయాయి. దక్షిణ తీరం, నైరుతి కొస, వేల్సు కొండలు. దారిలో ఆగవలసిన ప్రతి విమానాశ్రయంలోనూ ఆమె అనుకున్న నిమిషానికి దిగింది, అతను ఆమె వెనకే దిగాడు. తలుపు దగ్గర నిలబడిన తల్లి మధ్యాహ్నానికి ఒక కుర్చీ తెచ్చుకుని కూతురి వెనక కూర్చుంది. వెళ్దాం రమ్మని అనలేదు.

పడమటి దీవుల దగ్గర మేఘం కమ్మింది. తెర బూడిదరంగుకు తిరిగింది.

"కింద ఏదో దీవి కనిపించిందండీ. అదే అనుకుంటా. దిగుదామా?"

"అది కాదు. ఇంకా నాలుగు నిమిషాలుంది."

"కిందికి చూశారా?"

"గడియారం చూశాను."

కాసేపు ఇంజన్ల మోత.

"ఈ నాలుగు నిమిషాల్లో ఒక మాట చెప్పనా?"

"మేఘం దాటాక చెప్పండి. ఇప్పుడు చెబితే మీరు ఎత్తు మర్చిపోతారు."

అతను ఆగాడు. ఆమె గడియారం ముల్లునే చూస్తూ కూర్చుంది. నాలుగో నిమిషం నిండగానే ఎత్తు తగ్గించింది. మేఘం చిరిగింది. కింద నల్లటి నీళ్ళు, పచ్చటి దీవి, దాని మీద గీత గీసినట్టు రన్‌వే.

"ఇప్పుడు చెప్పండి."

"రేపట్నించి నాకు ఉద్యోగం లేదండీ."

"అది అందరితోపాటు నేనూ విన్నాను. నాలుగు నిమిషాలు పట్టి ఉంచిన మాట ఇదేనా?"

"కాదు." ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. "ఆ పదకొండు ఫారాలు నింపేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు ఏం రాయబోయినా, ఇది మీరు చదువుతారేమోనని ఆగుతోంది. బతికినన్నాళ్ళూ అలాగే ఆగాలని ఉంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఫారాల సంగతి క్షమించమని అడగరా?"

"అడిగితే క్షమిస్తారా?"

"లేదు."

"అందుకే అడగలేదండీ."

ఆమె వంపు తిరగడం మొదలుపెట్టింది. పొడుగు ముక్కు పక్కకు జరిగి రన్‌వే అంచులు నెమ్మదిగా విచ్చుకుంటున్నాయి.

"సరే, చేసుకుంటాను. వేగం తగ్గించండి. చక్రాలు దించండి."

హెడ్‌ఫోన్ లేని తల్లికి వినిపించింది ఈ సగమే.

"ఏం చేసుకుంటావే?"

"పెళ్ళమ్మా. కాసేపు మాట్లాడించకు, దిగుతున్నాను."

తల్లి పక్క కుర్చీ వైపు వంగి చూసింది. అక్కడ ఒక యువకుడు, చెవులు కందిపోయి, తెరను తప్ప లోకంలో మరి దేన్నీ చూడనివాడిలా కూర్చున్నాడు.

"ఎవరు, పొద్దున ఉద్యోగం పోగొట్టుకున్న అబ్బాయా?"

"ఆ."

"అతనికైనా చూపు సరిగ్గా ఉందా?"

"ఉందమ్మా. కాకపోతే కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది."

తల్లి ఆలోచించింది. తెర మీద నేల పైకి వస్తోంది.

"అయితే నువ్వే ముందు దిగు" అంది, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ. "అతను నిన్ను చూసి దిగుతాడు."