ఇంగ్రిడ్ చేసిన ఎంక్వైరీ

"ఒక్కసారి లేచి నిలబడతారా?"

కాఫీ షాపులో, మొదటిసారి కలిసిన అమ్మాయి హలో కూడా చెప్పకుండా ఇలా అడిగేసరికి ఆర్లో కివినెన్ కంగారుగా లేచాడు.

"డేటింగ్ యాప్‌లో ఆరడుగులని రాశారు. ఐదడుగుల తొమ్మిదంగుళాలకి మించరు."

"మంచు బూట్లు వేసుకుంటే ఆరు," అన్నాడు ఆర్లో.

అమెరికాలోని ఆ డులూత్ ఊళ్ళో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినవాళ్ళు రాసిందంతా నిజమో కాదో ఫోన్లు చేసి తేల్చడం ఇంగ్రిడ్ ఉద్యోగం. లేని డిగ్రీలు, పుట్టని కంపెనీలు చూసీ చూసీ ఆమెకు మనుషుల మీద నమ్మకం పోయింది. ఒంటరితనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"పడవ నడుపుతానన్నారు?"

"మా బావది. ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు ఎక్కాను."

"వంట?"

"గుడ్లు ఉడకబెడతాను. పెంకు తీయడం కూడా వచ్చు."

ఇంగ్రిడ్ నవ్వు కనబడకుండా కప్పు అడ్డం పెట్టుకుంది. "పెళ్ళి కాలేదన్నదైనా నిజమేనా?"

"నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయింది. హెలెన్ నంబరిస్తాను, అడిగి చూడండి."

మర్యాద తెలిసినవాళ్ళెవరూ ఆ ఫోన్ చేయరు. ఇంగ్రిడ్ మర్నాడు పొద్దున్నే చేసింది.

"ఆర్లోనా? ఉత్త కోతలరాయుడు," అంది హెలెన్. "ఆ కోతలు భరించలేకే వద్దనుకున్నాను. కానీ మేం విడిపోయాక కూడా మా నాన్నని నాలుగు నెలలు డయాలసిస్‌కి తీసుకెళ్ళాడు. ఆ సంగతి చెప్పి ఉండడే?"

"లేదు."

"చెప్పడు. చేయనివే చెప్తాడు."

ఫోన్ పెట్టేశాక ఇంగ్రిడ్‌కి తన మీద తనకే చిరాకేసింది. శనివారం జల్లులో తడుస్తూ అతను పనిచేసే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళింది.

"యాప్‌లో నేను రాసినట్టు నాకు ముప్పై నాలుగేళ్ళు కాదు. ముప్పై తొమ్మిది."

ఆర్లో మేకులు తూచడం ఆపాడు. "తెలుసు. హైస్కూల్లో మీరు మా అక్క క్లాసే. ఆమె పాత ఫొటోల్లో చూశాను."

"తెలిసీ ఎందుకు అడగలేదు?" ఇంగ్రిడ్‌కి కోపం వచ్చింది.

"అడిగితే లేచి వెళ్ళిపోతారేమోనని."

ఇంగ్రిడ్ ముక్కు ఎగబీల్చి, "ఆకలేస్తోంది. ఎక్కడికైనా వెళ్దామా?" అంది.

ఆర్లో గబగబా ఏప్రన్ విప్పేసి, లోపలున్న ముసలి యజమానిని పిలిచాడు. "సార్, పన్ను ఒకటే సలుపు. డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తాను."

ఆయన కళ్ళజోడు కిందికి జార్చి, ఇంగ్రిడ్ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మాయ్?"

ఇంగ్రిడ్ రెప్ప కూడా వేయలేదు.

"పాపం, దవడ ఎలా వాచిపోయిందో చూడండి," అంది.