ఎర్ర ఊలు చుట్టిన కొస

కెర్జా నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ రేవు ఊరు మట్టి మీద లేదు. రంపపు పొట్టు మీద ఉంది. ఎగువ అడవుల్లో నరికిన దుంగలు నూరేళ్ళకు పైగా నది మీద తేలుతూ వచ్చాయి, మిల్లులో పలకలయ్యాయి, వేసవిలో ఓడలెక్కి వెళ్ళిపోయాయి. పొట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని బురదలో పోశారు, పైన బెరడు పరిచారు, మళ్ళీ పొట్టు పోశారు, దానిమీద ఇళ్ళు కట్టుకున్నారు. వీధులన్నీ చెక్కబాటలే. నడక వచ్చిన పిల్లలకు అక్కడ మొదట నేర్పేది ఒక్కటే, పలక దిగొద్దని.

మిల్లు వెనక పొట్టుగుట్ట. దాని కడుపులో నిప్పు. ఎప్పుడు అంటుకుందో తెలిసినవాళ్ళు లేరు. పైకి మంట రాదు, లోపల ఆరదు. మెల్లగా తింటూ తిరుగుతుంటుంది. అది తిన్నచోట పైపొర అలాగే ఉంటుంది, కింద డొల్ల. చలికాలంలో ఆ జాడ మంచే చెబుతుంది. ఊరంతా మోకాలి లోతు మంచు పడినా డొల్ల ఉన్నచోట నిలవదు. నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ కనిపిస్తుంది.

ఆ జాడ కనిపెట్టడం ఇద్దరి పని. ముందు మనిషి నడుముకు తాడు కట్టుకుని గుట్ట మీద పలకల వెంట వెళ్ళాలి. ఇనుప చువ్వ దింపి, పైకి తీసి, అరచేత్తో తాకి చూడాలి. చెయ్యి కాలితే అక్కడ కర్ర పాతాలి. వెనక మనిషి గట్టు మీద నిలబడి తాడు రెండో కొస మణికట్టుకు మూడు చుట్లు తిప్పి పట్టుకోవాలి. ఆవిరిలో కేకలు వినపడవు కాబట్టి మాటలన్నీ తాడుతోనే. ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే వెనక్కి రా. మూడుసార్లు లాగితే బాగానే ఉన్నాను.

కపితొలీనా ఆ చువ్వ పట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఆమెకు యాభై ఎనిమిది. వచ్చే మార్చిలో పని మానేసి, వొలొగ్దాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోవాలి. ఇప్పుడు డిసెంబరు. ఉదయం పది దాటాక వెలుతురు వస్తుంది, మధ్యాహ్నం రెండున్నరకి పోతుంది. ఆ నాలుగు గంటలూ నిలబడి ఉండటానికే ఒళ్ళు ఒప్పుకోవడం లేదు.

"ఏం కాపా, ఈ పూట కూడా బతికే వచ్చావా?" అన్నాడు యెఫీమ్ లూకిచ్, కాపలా గది తలుపు తీసి. కపితొలీనాను ఆయన కాపా అనే పిలుస్తాడు. ఆయనకు డెబ్భై ఒకటి. తాడు వెనక కొస పట్టేది ఆయనే.

"మీకు తోడు ఎవరుంటారని వచ్చానండీ. లేకపోతే మంచం దిగేదాన్ని కాదు."

"మంచం నిన్ను దిగనిచ్చిందా? నా మంచం నన్ను తిట్టి మరీ లేపింది, ముసలాడా బరువెక్కావు పో అని." చేపముక్క పెట్టి కాల్చిన రొట్టె సగం విరిచి ఇచ్చాడు. "తిను. మొహం చూడు, నదిలో నానిన దుంగలా ఉన్నావు."

ఆమె తింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ రొట్టె సగం ఆమెదే. ఆమె పొయ్యి గొట్టం పూడిపోతే తీసేది ఆయనే, కిటికీ సందులకు నార కుక్కేది ఆయనే. అందుకే ఇన్నేళ్ళూ దాచిన ఆ మాట ఆయనకు చెప్పడం ఏడాదికేడాది కష్టమవుతూ వచ్చింది.

ఆయన భార్య గ్లఫీరా ఈ గుట్టలోనే పోయింది. అప్పట్లో చువ్వ పట్టి ముందు వెళ్ళేది ఆమె. వెనక కొస కపితొలీనాది. గ్లఫీరా ఎడమచేతి వాటం మనిషి, ఏ పనైనా పద్ధతిగా చేసేది. తాడు ముందు కొసకు నీలం ఊలు, వెనక కొసకు ఎర్ర ఊలు చుట్టి పెట్టుకుంది. ఆ రోజు చలికి కపితొలీనా కాళ్ళు మొద్దుబారాయి. ఎర్ర కొసను గది గోడకున్న కొక్కేనికి తగిలించి, లోపలికి వెళ్ళి టీ తాగింది. అయిదు నిమిషాలు. బయటికి వచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. గుట్ట మీద ఒకచోట ఆవిరి కాస్త ఎక్కువగా లేస్తోంది.

మనిషి దొరకలేదు. తాడూ దొరకలేదు. విచారణకు వచ్చినవాళ్ళ ముందు కపితొలీనా ఒక పాత తాడు ముక్క పెట్టింది. దాని కొస తనే పొయ్యిలో కాల్చింది. తాడు కాలి తెగిందన్నారు, రాసుకున్నారు, వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా యెఫీమ్ వచ్చి వెనక కొస పని తనకిమ్మని అడిగాడు. మొదటిరోజే ఆమెతో అన్నాడు: "నిప్పు తాడుని తింటే నువ్వేం చేస్తావు. నీ తప్పు లేదు." ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మార్చి లోపల చెప్పాలి. ఈ మధ్య రోజూ గట్టెక్కేటప్పుడు అనుకుంటుంది, ఇవాళ చెబుతానని. దిగేటప్పుడు అలసిపోయి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం గుట్ట ఆ చివర, ఇళ్ళ వైపు, కొత్తగా ఒక నల్లమచ్చ కనిపించింది. చివరి పలక కూడా దాటి ఉంది.

"రేపు చూద్దాంలే," అన్నాడు యెఫీమ్. "పొద్దు వాలుతోంది."

"అటు ఇళ్ళున్నాయండీ."

"సరే, తొందరగా రా. టీ కాగుతుంటుంది."

ఆయన మణికట్టుకు మూడు చుట్లు తిప్పాడు. ఆమె నడిచింది. బూట్ల కింద పలకలు కిర్రుమన్నాయి, తర్వాత ఆ చప్పుడూ మెత్తబడింది. చుట్టూ ఆవిరి. తడి బెరడు వాసన, పుల్లగా, నానబెట్టిన తోలు వాసనలా. వెనక్కి చూస్తే గది ముందు బల్బు పచ్చటి మరకలా ఉంది. ఇంకో పాతిక అడుగులు వేశాక అదీ లేదు.

చివరి పలక మీద నిలబడి చువ్వ దింపింది. చువ్వ ఆగలేదు. జానెడు, మూరెడు, దాని బరువుకి అదే దిగిపోయింది. చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. పైకి తీసి తాకబోయి ఆగింది. ఇనుము నుంచి పొగ వస్తోంది.

కర్ర పాతుతుండగా నడుము దగ్గర తాడు కదిలింది. రెండుసార్లు.

వెనక్కి రా.

"వస్తున్నానండీ," అంది, వినపడదని తెలిసినా. తాడు చేతికి చుట్టుకుంటూ తిరుగుముఖం పట్టింది. ఎదురుగా అడుగు దూరం కూడా కనిపించడం లేదు. పలక ఎడమకు వంగింది. తాడు కుడికి వెళ్ళింది. ఆమె ఒక్క క్షణం నిలబడింది. పంతొమ్మిదేళ్ళలో ఆ తాడు ఒక్కరోజు తప్పుదారి పట్టించలేదు. ముసలాయన కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడేమో అనుకుంది. పలక కంటే తాడునే నమ్మింది.

దిగింది.

కాలి కింద మంచు లేదు. మెత్తగా ఉంది... వెచ్చగా ఉంది. ఉన్ని బూటు లోపలికి ఆ వెచ్చదనం ఎక్కుతోంది. ఇంకో అడుగు. ఇంకోటి. తాడు ముందుకి సాగడం మానేసింది. కిందికి దిగుతోంది. నిలువుగా. అరచెయ్యంత బెజ్జం ఒకటి, అంచుల చుట్టూ తడి పొట్టు, అందులోకి.

అప్పుడు వినిపించింది. ఎడమ పక్క నుంచి, చాలా దూరం నుంచి, యెఫీమ్ గొంతు.

"కాపా! ఎక్కడున్నావ్?"

ఆమె కదల్లేదు. ఆయన అక్కడుంటే... తాడు ఇక్కడ...

నడుము దగ్గర మళ్ళీ కదలిక. నెమ్మదిగా. ఒకటి. రెండు. మూడు.

బాగానే ఉన్నాను.

పల్చటి మంచుగడ్డ మీద ఎలా పడుకోవాలో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చేతులూ కాళ్ళూ చాపి బోర్లా పడుకుంది. చువ్వను అడ్డంగా పెట్టి దానిమీద బరువు వేసింది. చెంప కింద పొట్టు లేస్తోంది, పడుతోంది... నిద్రపోయే మనిషి రొమ్ములా. తాడు కోయడానికి నడుము దగ్గర కత్తి ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. ఒకసారి తాడు వదిలేసిన చెయ్యి అది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. జరిగింది. అంగుళం. ఇంకో అంగుళం. వేళ్ళకు పలక అంచు తగిలేసరికి యెఫీమ్ అక్కడున్నాడు. కాలరు పట్టుకుని పైకి లాగేశాడు.

"పిచ్చిదానా! పలక దిగుతావా? నువ్వా?"

"మీరెందుకు వదిలేశారు?" అంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "తాడు ఎందుకు వదిలేశారు?"

ఆయన తెల్లబోయాడు. "నువ్వే కదా తీసుకున్నావు."

"నేనా?"

"వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డావు. 'పోయి టీ తాగు, నేను పట్టుకుంటాను' అన్నావు. ఈ ఆవిరిలో నా కళ్ళకేం కనపడుతుంది. కొస నీ చేతిలో పెట్టాను." గొంతు తగ్గించాడు. "చేతికి తొడుగు లేకుండా ఉన్నావేంటి అనుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది, కాపా. ఇంత చలిలో."

యెఫీమ్ ఆమె నడుమున ఉన్న తాడు అందుకుని బెజ్జం లోంచి లాగడం మొదలుపెట్టాడు. తేలిగ్గానే వచ్చింది. నీలి రంగు నైలాను తాడు, ఈ ఏడాది ఇచ్చినది. దాని చివర ముడి. ముడి ఎడమచేతి వాటంగా వేసి ఉంది. ముడి అవతల ఇంకో తాడు. జనపనారది, పాతది, తడిసి ఆవిరి కక్కుతూ. ఆ కొసకు ఊలు చుట్టి ఉంది. పొట్టు తుడిచాడు. ఎరుపు. ఒక్క పోగు కూడా మాడలేదు.

యెఫీమ్ దాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని పోగు పోగూ చూశాడు.

"ఇది కాలలేదే," అన్నాడు.

ఆమె తల దించుకుంది.

"ఆ రోజు దీన్ని ఎవరు పట్టుకున్నారు, కాపా?"

చెప్పాలని పంతొమ్మిదేళ్ళు కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. చలి గురించి, కాళ్ళ గురించి, అయిదే నిమిషాల గురించి. ఒక్కటీ రాలేదు.

"ఎవరూ పట్టుకోలేదండీ," అంది.

ఆయన తల ఊపాడు, సరుకు దిగిందని చెబితే ఊపినట్టు. కోపం వస్తుందని చూసింది. రాలేదు. ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు. ఆమె నడుమున ముడి విప్పాడు. ఎర్ర కొస నుంచి నైలాను తాడు విడదీసి పక్కన పడేశాడు. ఎర్ర కొస పట్టుకుని, బెజ్జం లోంచి పాత తాడు సాగుతూ రాగా, పలకల వెంట వెనక్కి నడిచి, గది ముందు గట్టు మీద తన చోట నిలబడ్డాడు. ఆమె వెనకాలే వచ్చింది. ఎర్ర కొస మణికట్టుకు మూడు చుట్లు తిప్పుకున్నాడు.

"లోపలికెళ్ళి టీ తాగు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "నేను పట్టుకుంటాను."

ఆమె వెళ్ళింది. వెళ్ళకుండా ఉండే ఓపిక లేదు. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. కప్పు చేత్తో పట్టుకుని కిటికీ అద్దం మీద మంచు గోకింది.

బల్బు కింద యెఫీమ్ వీపు కనిపించింది. తాడు ఆయన చేతి నుంచి ఆవిరిలోకి వెళ్ళింది. ఆయన ఒకసారి లాగాడు. కాస్త ఆగి, రెండోసారి.

తాడు బిగిసింది. తీగలా బిగిసి, అలాగే ఉండిపోయింది. ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

తర్వాత మెల్లగా వదులైంది. అవతలి మనిషి వెనక్కి నడిచి వస్తున్నప్పుడు ఎలా వదులవుతుందో, అలా. అడుగు, అడుగు, మధ్యలో ఆగుతూ.

యెఫీమ్ తాడు చుట్టలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.