మైకులో మట్టి

సారపాకలో మిల్లు గేటుకు ఎదురుగా నా సెల్ రిపేరు కొట్టు. మాట సరిగా వినబడదని వచ్చే సెట్లలో సగానికి జబ్బేమీ ఉండదు. మైకు రంధ్రంలో దుమ్మో, చెవి దగ్గరి జాలీలో తంబాకు పొడో ఉంటుంది. నేను బ్రష్షుతో దులిపి, పెద్ద ఆపరేషన్ చేసిన డాక్టరులా ముఖం పెట్టి ఇస్తాను.

ఆ సాయంత్రం ముసురు పట్టి ఉంది. చర్ల బస్సు దిగి, ఆ పైన అడవి ఊళ్లో ఉండే నాగక్క వచ్చింది. పాత సెట్టు బల్ల మీద పెట్టింది.

"బిడ్డ మాట సన్నగ ఇనబడతది తమ్మీ. నా మాట దానికి అసలే ఇనబడదు. గుయ్యిమంటదట. జర జల్దీ చెయ్యి."

కూతురు భవాని మధిర వైపు మిరపకాయలు ఏరే పనికి పోయింది. తండ్రి భీమయ్య జ్వరంతో పోయిన సంగతి ఆ పిల్లకు ఇంకా తెలియదు. ఫోను వచ్చినప్పుడల్లా తల్లి మొత్తుకుంటూనే ఉంది, అటు చేరడం లేదు. ఊళ్లో ఇంకో ఫోను లేదు.

బ్యాటరీ తీసి పక్కన పెట్టి, సెట్టు విప్పాను. మైకు నిండా ఎర్రమట్టి. తడిగా ఉంది. మట్టి వాసనలో పసుపు వాసన కలిసి వస్తోంది.

"ఏడ పడేసినవక్కా?"

ఆమె గొంతు తగ్గించింది. "పడెయ్యలే. పోయినోళ్ల వస్తువులు వాళ్ల పక్కనే పెట్టి పూడుస్తం మేము. ఆయన ఫోను గుడ పెట్టినం. మట్టిల మోగింది తమ్మీ... బిడ్డ చేస్తుందని పాణం ఆగలే. తవ్వి తీసిన. పెద్దోళ్లు వద్దనే అన్నరు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయినా స్పిరిటు పెట్టి తుడిచాను. మట్టి పోలేదు. తుడిచిన కొద్దీ వస్తూనే ఉంది.

ఇక లాభం లేదని నాగక్క ఇచ్చిన చీటీ మీది భవాని నంబరుకు నా ఫోను నుంచి చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ.

"ఎవరితోటి మాట్లాడుతుంది?"

"మేము తప్ప దానికి ఎవరున్నరు?" అంది నాగక్క.

కరెంటు పోయింది. చీకట్లోనే మళ్లీ నొక్కి స్పీకరు పెట్టాను. ఎత్తింది. పిల్ల ఆయాసపడుతోంది.

"భవానీ, సారపాక నుంచి మాట్లాడుతున్న. మీ అమ్మ నా దగ్గరే ఉన్నది. నువ్వేడున్నవ్?"

"చర్లల బస్సు దిగి అడవిల నడుస్తున్న అన్నా. పొద్దుగాల నాయన ఫోను చేసి ఇంటికి రమ్మన్నడు. ఇంతసేపు లైన్లనే ఉండి అడ్డతోవ చెప్పిండు. ఇయ్యాల మాట మంచిగ ఇనబడ్డది."

ఫోను వెలుగులో చూశాను, బల్ల మీద సెట్టు విప్పే ఉంది. బ్యాటరీ నా మోచేతి పక్కన ఉంది.

నాగక్క నా చేతిలోని ఫోను లాక్కుంది. "బిడ్డా, పోకు... నాయన లేడే... చచ్చిపోయిండే... ఆడనే ఆగు..."

"అమ్మా, ఏందో గుయ్యిమంటుంది. నీ మాట ఇనబడ్తలేదు." ఆయాసం ఒక్కసారిగా ఆగింది. "అగో... చెట్ల కింద నాయన నిలబడ్డడు. ఉంట."

లైను తెగిపోయింది.

నేను మళ్లీ చేసేలోపే బల్ల మీది సెట్టులోంచి చప్పుడు మొదలైంది. సన్నగా... స్పష్టంగా... తడి ఆకుల మీద ఇద్దరు నడుస్తున్నారు.