గట్టిగా మాట్లాడకండి సార్

"ష్!"

తన పెదవి మీద వేలు పెట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు నోరే మూయించిన అంగన్‌వాడీ టీచరుని ఫిన్నీ చూడటం అదే మొదటిసారి.

విజయవాడ నుంచి పామర్రు దాటేదాకా వానలో బైకు మీద తడుస్తూ వచ్చాడు. తీరా చూస్తే పొద్దున్న పదకొండింటికి పద్నాలుగు మంది పిల్లలూ చాపల మీద హాయిగా నిద్రపోతున్నారు. వెంటనే ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.

"ఇది చదువు చెప్పే టైమండీ," అన్నాడు గొంతు తగ్గించి. "సరిగ్గా నడవని సెంటర్లని కాలవ అవతల సెంటర్లో కలిపేయమని ఆర్డరొచ్చింది. మీరేమో జోకొడుతున్నారు!"

"మా చదువు అయిపోయింది సార్. రేపు తెల్లారి ఐదున్నరకి రండి, చూద్దురుగాని," అంది టీచరు డయానా.

"తెరవాల్సింది తొమ్మిదింటికి కదా?"

"పిల్లల్ని దింపి తొమ్మిదింటికెళ్తే ఈ తల్లుల్ని నాట్లలో ఎవరు దిగనిస్తారండీ?"

ఫిన్నీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె కళ్ల మీంచి చూపు తిప్పుకోవడానికే కాస్త టైం పట్టింది.

మర్నాడు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో టీ బండి తెరవకముందే బయల్దేరాడు. వెళ్లేసరికి తల్లులు పిల్లల్ని డయానా చేతుల్లో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ చేలవైపు పరుగెడుతున్నారు. ఏడుస్తున్న పాపని చంకనేసుకుని, మిగతా పిల్లలతో నారు మొక్కలు లెక్కపెట్టిస్తోందామె. ఎనిమిదిన్నరకి పాటలు, గుడ్లు, జావ అన్నీ అయిపోయాయి. పదింటికి ఒక్కొక్కరే ఆవలించడం మొదలుపెట్టారు.

"దీన్ని చిన్నప్పుడు గట్టుమీద పడుకోబెట్టి నాట్లేసేదాన్ని బాబూ," అని పొద్దున్న నాట్లకి వెళ్తూ కూతుర్ని చూపించి చెప్పింది డయానా తల్లి శౌరమ్మ. "ఓసారి కాలవలోకి దొర్లింది. ఎవరో చూశారు గాబట్టి బతికింది."

అది తలుచుకుంటే నిన్న కొట్టిన ఫొటోకి ఫిన్నీకి సిగ్గేసింది. ఇంత పని చేస్తూ ఎవరికీ చెప్పుకోని ఆ అమ్మాయంటే ఎంతో గౌరవం కలిగింది. సెంటరుని కలపొద్దనీ, తెల్లవారుజామునే తెరిచే క్రెష్‌గా మార్చి ఇంకో ఆయాని ఇవ్వమనీ రిపోర్టు రాశాడు. దాని కోసం తన పై ఆఫీసరు మేడమ్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు.

"ఈ ఒక్క ఫైలంటే నీకంత ప్రేమేంటయ్యా?" అంది శివపార్వతి మేడమ్, నవ్వాపుకుంటూ సంతకం చేసి.

నెల తిరిగేసరికి మంజూరైంది. నాట్లయిపోయి కలుపులు మొదలయ్యాయి. ఫిన్నీ మళ్లీ వానలో తడుస్తూ వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "వచ్చేసిందండీ!"

"ష్!"

ఫోన్‌లో ఆర్డరు చూపించబోతే ముందు వాల్‌పేపర్ కనిపించింది. నిద్రపోతున్న పిల్లలు, మూలన పెదవి మీద వేలుతో డయానా.

"ఇది నా మీద కంప్లయింటుకి తీసింది కదూ?"

"అవునండీ. కంప్లయింటు తీసేశాను, ఫొటో తీసేయలేకపోయాను."

ఆర్డరు చదువుతుంటే డయానా కళ్లు నిండాయి. "పిల్లలు ఇక్కడే ఉంటారన్నమాట," అంది మెల్లగా.

"డయానా గారూ, నాకు మీరంటే..." ఫిన్నీ గొంతు తనకి తెలీకుండానే పెరిగింది. ఓ బుడతడు అటునుంచి ఇటు దొర్లాడు.

ఈసారి వేలు అతని పెదవి మీదికొచ్చింది.

"సాయంత్రం అమ్మ చేలోంచి వస్తుంది. అప్పుడు చెప్పండి, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా."

సాయంత్రానికి ఇంకా ఐదు గంటలుంది. ఫిన్నీ బూట్లు విప్పి, చప్పుడు చేయకుండా చాప చివర కూర్చున్నాడు.