పదకొండులోపు చెరపాల్సిన కీ

గడ్డం గీయించుకుంటూ కళ్లు మూసుకున్న మనిషి మళ్లీ తెరవలేదు. బార్బర్ వేడి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లిన అర నిమిషంలో ఎవరో వచ్చి, సైలెన్సర్ పిస్టల్‌తో పని ముగించి, అతని జేబులోని తాళాల గుత్తి తీసుకుని వెళ్లిపోయారు. టైము ఉదయం తొమ్మిదీ పది.

తొమ్మిదిన్నరకి ఏజెంట్ మిడత చీఫ్ గదిలో ఉన్నాడు. పొడుగు కాళ్లూ, గోడలు దూకే అలవాటూ చూసి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. హతుడు డిపార్ట్‌మెంట్ మెయిల్ సర్వర్‌కి కీ కస్టోడియన్, అంటే దాని రహస్య కీలను కాపాడే మనిషి. మిడతకి సొంత అన్న.

"ఏడవడానికి తర్వాత టైమిస్తాను. ఇప్పుడు విను," అన్నాడు చీఫ్.

విదేశాల్లో పద్నాలుగు మంది ఏజెంట్లు మారుపేర్లతో బతుకుతున్నారు. వాళ్లకి ఫోన్ చేయడమంటే పట్టించడమే. ఆర్డర్లన్నీ మెయిల్‌లోనే వెళతాయి. బయటికి వెళ్లే ప్రతి మెయిల్ మీదా సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం పెడుతుంది. దానికి జోడీ అయిన పబ్లిక్ కీ డొమైన్ రికార్డుల్లో అందరికీ కనబడేలా ఉంటుంది. అందుకునే సర్వర్ ఈ కీతో ఆ సంతకాన్ని సరిచూసి, కుదిరితేనే మెయిల్‌ని లోపలికి రానిస్తుంది. ఆరు నెలలకోసారి ఈ జంటను మార్చడం అన్న పని. ఆరు రోజుల క్రితమే మార్చాడు. దారిలో ఉన్న మెయిళ్లు తిరిగిపోకుండా పాత పబ్లిక్ కీని ఇంకో వారం ఉంచడం రివాజు. రేపు చెరపాల్సింది.

ఆ పాత ప్రైవేట్ కీ శత్రు ముఠా చేతిలో పడింది. పొద్దున వైర్‌లెస్‌లో మనవాళ్లు పట్టుకున్న మాట ఒకటే: పన్నెండింటికి పద్నాలుగు శుభలేఖలు పోస్టు చేస్తాం. అంటే పద్నాలుగు మందినీ బయటికి రమ్మని దొంగ ఆర్డర్లు. సంతకం మాత్రం అసలుది.

మనమే ముందు హెచ్చరిక పంపితే సరిపోదా అని అడిగాడు మిడత.

"రెండూ మన సంతకంతోనే వెళతాయి. ఎవడు ఏది నమ్ముతాడు?"

పాత పబ్లిక్ కీని చెరిపేయడమొక్కటే దారి. అదీ పదకొండులోపు. ఎందుకంటే ఒకసారి చదివిన కీని బయటి సర్వర్లు గంటసేపు గుర్తుపెట్టుకుంటాయి. రికార్డు మార్చాలంటే పాస్‌వర్డ్‌తో పాటు కంప్యూటర్‌కి గుచ్చే గోరంత టోకెన్ కావాలి. అవి రెండే. ఒకటి తాళాల గుత్తితో పాటు హంతకుడు పట్టుకుపోయాడు, రెండోది అన్న ఇంట్లో ఉంది. మూడోదాని కోసం అన్న పెట్టిన ఫైలు ఏడాదిగా ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది.

చీఫ్ పాస్‌వర్డ్ ఉన్న కవరు చేతికిచ్చి గొంతు తగ్గించాడు. "కీ సర్వర్‌లోంచి పోలేదు. ఇంట్లోంచి పోయింది."

ఆ ఇంట్లో ఉండే ఇంకో మనిషి వదిన ఒక్కతే. ఎంబసీ విందుల్లో దుభాషి. ఆమె నవ్వితే రాయబారులు అడగబోయిన ప్రశ్న మర్చిపోయేవారు. మిడతకి పదహారేళ్లప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చి, అన్న చెవిన పడకుండా అతని చేత సిగరెట్లు మాన్పించింది.

వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషంలో, పనిముట్ల సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని బయల్దేరాడు. మెట్ల మీద ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. మిడత మూడో అంతస్తుకెక్కి వెనక్కి చూసేసరికి ఇంకా కడుతూనే ఉన్నాడు.

తలుపు తీసిన వదిన పట్టుచీరలో, ప్రయాణానికి సిద్ధంగా ఉంది. గోడవారన రెండు సూట్‌కేసులు. పదీ నలభై ఒకటి.

"టోకెన్ ఇవ్వు వదినా."

ఏ టోకెన్ అని ఆమె అడగలేదు. "మీ అన్న పంపించాడా?" అంది.

ఆమెకి తెలియదని అప్పుడర్థమైంది అతనికి. "అన్నని చంపేశారు."

వదిన సూట్‌కేసు మీద కూలబడింది. తొమ్మిది రోజుల క్రితం, భర్త స్నానానికి వెళ్లినప్పుడు లాప్‌టాప్‌లోంచి కీని కాపీ చేశానని చెప్పింది. రెండు పాస్‌పోర్టులు, ఓ చిన్న ఇల్లు ఇస్తామన్నారట. మీ ఆయన మీద ఈగ వాలనివ్వం అన్నారట. ఆ ఉద్యోగం అతన్ని బతికుండగా వదలదని ఆమె భయం.

"ఇద్దరికీ టికెట్లు తీశాను చిన్నా," అంది. ఆ మాటే మళ్లీ అంది.

తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోని లిప్‌స్టిక్ గొట్టం అడుగు తిప్పి టోకెన్ బయటికి తీసింది.

వంటింటి గట్టు మీద లాప్‌టాప్ తెరిచాడు. నెట్ నత్తనడక నడుస్తోంది. పదీ యాభై ఆరుకి కాలింగ్ బెల్ మోగింది. లేసువాడు. వదిన కళ్లు తుడుచుకుని, గొలుసు తీయకుండా తలుపు సందులోంచి మాట్లాడింది. సింక్ కింద పైపు పగిలి ఇల్లంతా చెరువైందని, మెకానిక్ ఒక్కడివల్ల కావడం లేదని, కాస్త లోపలికొచ్చి బకెట్లు మొయ్యమని వాడినే గదమాయించింది. వాడు ఏదో గొణిగి మెట్లు దిగిపోయాడు.

ఈ రికార్డును తొలగించాలా అని స్క్రీన్ అడిగింది. నొక్కాడు. టోకెన్‌ని మరోసారి తాకమంది. తాకాడు. పాత కీ చెరిగిపోయింది. పదకొండుకి ఇంకా తొమ్మిది సెకన్లున్నాయి.

పన్నెండు దాకా ఇద్దరూ వంటింట్లో నేల మీదే కూర్చున్నారు.

"నొప్పి తెలిసిందా?" అని అడిగింది వదిన.

"తెలియలేదు," అన్నాడు. ఆ సంగతి అతనికెలా తెలుస్తుంది.

పన్నెండు దాటాక బయటి సర్వర్ల నుంచి లాప్‌టాప్‌కి రిపోర్టులు రావడం మొదలైంది. సంతకం చెల్లదు, తిరస్కరించాం. నాలుగు నిమిషాల్లో పద్నాలుగూ వచ్చేశాయి.

చీఫ్, అతని మనుషులు ముందు మెట్ల మీదివాణ్ణి పట్టుకుని, తర్వాత పైకి వచ్చారు. పోయిన వారం దాకా విదేశాల్లో ఉన్నది పదహారు మందట. ఇద్దరిని అదే సంతకంతో ఎక్కడికో పిలిపించారు. ఆ తర్వాత వాళ్ల జాడ లేదు. ముఠా నాయకుడెవరో ఇప్పటికీ తెలియదు. చీఫ్ ఇదంతా వదిన ముందే చెప్పాడు. ఆమె తల దించుకుని వింది కానీ క్షమించమనలేదు. కారెక్కే ముందు మిడత వైపు తిరిగి, బట్టలు మార్చుకుని వెళ్లమని, అన్నని ఈ వేషంలో చూడొద్దని మాత్రం చెప్పింది.

సాయంత్రం శ్మశానం నుంచి తిరిగొస్తుంటే కారులో చీఫ్ నెమ్మదిగా విషయంలోకి వచ్చాడు. కొత్త కస్టోడియన్ కావాలి. అడిగినవాళ్లెవరూ ఒప్పుకోలేదు. మిడత సరేనని, ఆర్డరు మెయిల్‌లో పంపిస్తారా అని అడిగాడు.

"మెయిల్‌ని ఎవడు నమ్ముతాడయ్యా," అంటూ చీఫ్ జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు.