పదికి తొమ్మిది

“ఆ టేపు తీసెయ్యిన్రి సార్, కాలికి అడ్డమొస్తున్నది.”

తబిత నాతో అన్న మొదటి మాట ఇదే. ప్రేమ కథలు ఇంతకంటే మంచి మాటతో మొదలవుతాయని నాకూ తెలుసు. ఏం చేయను, నాకు రాసిపెట్టింది ఇది.

అప్పుడు ఫిల్మ్ నగర్ కొండ కింద ఒక అద్దె గ్రౌండులో మా సినిమా రిహార్సల్ జరుగుతోంది. హీరోయిన్ శ్రీనిధి అందులో క్రికెటర్. కథ ప్రకారం ఆఖరి బంతికి దూరం నుంచి విసిరి వికెట్ పడగొట్టాలి. శ్రీనిధి విసిరిన బంతి వికెట్ వైపు తప్ప మిగిలిన అన్ని వైపులకీ వెళ్తోంది. అందుకని డూప్‌ను పిలిపించారు. ఆ డూపే తబిత, స్టూడియో వ్యాను నడిపే శాంతరాజు గారి అమ్మాయి. బోరబండలో ఉంటారు. నిజంగానే క్రికెట్ ఆడుతుందట. పొడుగూ, జడా సరిపోయాయి.

నా పేరు రఘునందన్. సినిమాల్లో ఆటగాళ్ళ వేషం వేసేవాళ్ళకి ఆట నేర్పడం నా పని. ఆటంటే మొత్తం ఆట కాదు, కెమెరాకి కావలసిన ఒక్క ముక్క. నేల మీద తెల్ల టేపుతో గుర్తు పెడతాను. వచ్చి దాని మీద నిలబడాలి. ఒకే దూరం, ఒకే ఊపు. రెండొందల సార్లు చేయిస్తే ఎవరి చేతికైనా వచ్చేస్తుంది. జూబ్లీ హిల్స్‌లో ముగ్గురు హీరోలు నా టేపు మీద నిలబడే ఛాంపియన్లయ్యారు.

“టేపు తీస్తే కెమెరా ఫోకస్ పోతుందండీ,” అన్నాను, గొంతులో కాస్త పెద్దరికం కలిపి.

“మ్యాచ్‌ల బాలు టేపు కాడికే వస్తదా సార్?”

“ఇది మ్యాచ్ కాదు. షాట్.”

“ఓహో. బాలుకు ఎవరు చెప్పిన్రు గా సంగతి?”

కెమెరా వాళ్ళంతా నవ్వారు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని గమనించే పనిలో ఉన్నాను.

శాంతరాజు గారు పరుగున వచ్చి, “ఏమనుకోకండి బాబూ. మాది భీమవరం దగ్గరండీ. ఈ భాష మా ఇంట్లో ఎవరికీ రాదు, దీనికొక్కదానికే వచ్చింది,” అని నొచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పని లేకపోయినా బోరబండలో ఆమె ఆడే గ్రౌండుకి వెళ్ళాను. పది మంది అమ్మాయిలు. బంతి ఎటు పోతే అటు పరుగెత్తి, వంగి, ఎక్కడ అందితే అక్కడి నుంచే ఒంటి వికెట్‌కి విసురుతున్నారు. తబిత పదికి నాలుగు కొట్టింది. తప్పిన ప్రతిసారీ కింది పెదవి కొరుక్కుని, తల దించుకుని, దులుపుకోవడానికేం లేని ప్యాంటు దులుపుకునేది. ఆ తల దించుకోవడం నాకు నచ్చలేదు.

“ఇంక నలభై రోజులే ఉన్నయ్,” అంది టీ తాగుతూ. “అండర్ ట్వెంటీ త్రీ స్టేట్ సెలెక్షన్. సెప్టెంబర్ వస్తే నాకు ఏజ్ దాటిపోతది. ఇదే లాస్ట్. స్టేట్ ఆడితే రైల్వేల స్పోర్ట్స్ కోటా ఉంటది. నాన్న ఇంకెన్ని రోజులు వ్యాన్ నడుపుతడు?”

“త్రో నేను సెట్ చేస్తాను.”

“టేపు ఏసా?”

“వేసే.”

“చల్, చూద్దాం,” అంది. ఆ రోజుతో సార్ పోయి రఘు వచ్చాడు.

ప్యాకప్ అయ్యాక రోజూ ఒక గంట. బోరబండ ప్రాక్టీసు మానేసింది. వికెట్ నుంచి పద్దెనిమిది గజాల దూరంలో టేపు. నాలుగు ఆరయింది, ఆరు ఏడయింది. వాన పడితే వ్యాన్‌లో కూర్చునేవాళ్ళం. అద్దం మీద ఆవిరిలో ఆమె వేలితో స్కోరు రాసేది. తొమ్మిది అని రాసిన రోజు నా భుజం మీద ఒక్కటి వేసి, “నువ్వు మస్తు కోచ్‌వి రా బాబు!” అంది. ఆ దెబ్బ రెండు రోజులు నొప్పెట్టింది. ఇంకో నాలుగు రోజులు ఉంటే బాగుండుననిపించింది.

సినిమా షాట్ మొదటి టేక్‌లోనే ఓకే అయింది. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. నేను ఆమె వైపే చూస్తున్నాను, ఆమె నా వైపు. ఆ సాయంత్రమే చెప్పేసి ఉండాల్సింది. సెలెక్షన్ అయ్యాక చెబుదాం, రెండు సంతోషాలూ ఒకేరోజు వస్తాయి అనుకున్నాను.

మధ్యలో ఒకరోజు జరిగింది మాత్రం చెప్పాలి. దాన్ని దాటేసి ఈ కథ చెప్పడం అబద్ధమవుతుంది.

“ఇయ్యాల జర జాగా మారుద్దాం రఘూ. దగ్గరి నుంచి, పక్క నుంచి, ఉరుకుతా ఏద్దాం,” అంది.

సరేనన్నాను. పది విసిరింది, ఏడు తప్పాయి. మళ్ళీ ఆ పెదవి కొరుక్కోవడం, ఆ ప్యాంటు దులుపుకోవడం. నెల రోజులుగా చూడని మొహం.

“ఉన్నది కూడా పోయిందా ఏంది?” అంది. కళ్ళలో నీళ్ళు.

నేను ఆగలేకపోయాను. చెయ్యి పట్టుకుని టేపు దగ్గరికి తీసుకెళ్ళాను. “ఏం పోలేదు. ఇక్కణ్ణుంచి వెయ్యి.” వేసింది. తగిలింది. ఇంకోటి, తగిలింది. సొట్ట తిరిగొచ్చింది. ఆ తర్వాత జాగా మార్చే మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సెలెక్షన్ మ్యాచ్ రోజు పొద్దున సన్నగా జల్లు పడి ఆగింది. శాంతరాజు గారు లీవు పెట్టి వచ్చి, నా పక్కన కూర్చుని, పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నారు. తబిత పన్నెండు పరుగులు చేసింది. సెలెక్టర్లు ఆమెను చూస్తున్నది ఫీల్డింగ్ కోసమే. మొదటిసారి విసిరిన బంతి వికెట్ దాకా చేరలేదు. రెండోసారి పక్కకి పోయింది. నేల తడిగా ఉందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆఖరి బంతి. అవతలి జట్టుకి రెండు పరుగులు కావాలి. బ్యాటర్ మెల్లగా నెట్టి ఒకటి తీసి రెండో దానికి తిరిగింది. తబిత ముందుకు దూకి బంతి అందుకుంది. వికెట్ ఎనిమిది గజాలు కూడా లేదు. పరుగెత్తే అమ్మాయి ఇంకా సగం దారిలో ఉంది. శాంతరాజు గారు లేచి నిలబడ్డారు.

తబిత ఆగింది. పాదాలు రెండూ సర్దుకుంది. నేను నేర్పిన ఊపు, నేను నేర్పిన బలం, వెంట్రుకవాసి తేడా లేదు. అందంగా విసిరింది. బంతి వికెట్ మీదుగా అడుగు ఎత్తున వెళ్ళిపోయింది.

పద్దెనిమిది గజాల నుంచి అయితే సరిగ్గా తగిలేది.

అవతలి జట్టు అమ్మాయిలు కేరింతలు కొడుతూ గ్రౌండులోకి పరుగెత్తారు. వాళ్ళ మధ్య తబిత తన కుడి చెయ్యి వైపు చూసుకుంటూ నిలబడిపోయింది. సాయంత్రం లిస్టు పెట్టారు. పేరు లేదు. తబిత నా పక్క నుంచే నడిచి, తండ్రి బండి వెనక కూర్చుని వెళ్ళిపోయింది.

గేటు దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపారు. లీలాకుమారి గారు, బోరబండలో ఆ అమ్మాయిలందరికీ కోచ్.

“ఏమయ్యా, సినిమా కోచ్‌వి నువ్వేనా? నలభై రోజులు ఏం చేయించావు దాని చేత?”

చెప్పాను. ఆవిడ అరుస్తారనుకున్నాను. పక్కనున్న అరుగు మీద కూలబడ్డారు.

“చోటు మారినప్పుడల్లా చెయ్యి కొత్తగా లెక్క వేసుకోవాలి. ఎంత దూరం, ఎంత బలం, ఎంత ఎత్తు. తప్పుతుంది. పిల్ల ఏడుస్తుంది. మర్నాడు మళ్ళీ వేస్తుంది. నేర్చుకోవడమంటే ఆ లెక్కేనయ్యా. నువ్వు దాన్ని లెక్క వెయ్యడమే మాన్పించావు.”

“పదికి తొమ్మిది కొట్టింది మేడం,” అన్నాను.

“కొట్టింది. ఒకే బంతిని తొమ్మిదిసార్లు. నా దగ్గర నాలుగు కొట్టేది. ఆ నాలుగూ నాలుగు రకాలు.”

ఆ మాట ఆవిడ నెమ్మదిగా అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది. నాకు తెలిసిన విద్య ఒక్క షాట్ కోసం పుట్టింది. కట్ చెప్పగానే దాని పని అయిపోతుంది. ఆ విద్యని తీసుకెళ్ళి ఒక పిల్ల జీవితం మీద ప్రయోగించాను.

రెండు నెలలు ఆమె ఫోన్ ఎత్తలేదు. మూడో నెలలో ఇంట్లో తబితతో పెళ్ళి మాట ఎత్తాను. మతం వేరని అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది, మూడో రోజు “ఆ పిల్లని ఒకసారి తీసుకురా” అంది. ఆదివారం చర్చి వదిలే వేళకి బోరబండ వెళ్ళి, శాంతరాజు గారితో విషయం చెప్పాను.

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. “జరిగిందానికి మిమ్మల్ని నేనేమీ అనను బాబూ. మీరు చెడు కోరలేదు. నాకు అభ్యంతరం లేదు. దాన్ని అడగండి. అది చెప్పిందే మాట.” నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నా పేరు చెప్పి చేశారు. ఏడుపొచ్చింది నాకు.

తబిత డాబా మీద బట్టలు ఆరేస్తోంది. చిక్కిపోయింది.

“నాన్న ప్రార్థన వినబడ్డది,” అంది వెనక్కి తిరగకుండానే. “నేను స్కూల్ల పీఈటీగా చేరిన. తెలుసా?”

“ఆయన చెప్పారు. సీనియర్ టీమ్ సెలెక్షన్ ఉంది కదా తబితా...”

“అండర్ ట్వెంటీ త్రీలనే పేరు లేనిదాన్ని సీనియర్ల ఎవరు పిలుస్తరు?” చివరి దుప్పటి పరిచి నా వైపు తిరిగింది. “ఒకటి అడుగుత, అబద్ధం చెప్పకు. గా రోజు జాగా మారుద్దామన్న. ఏడు తప్పిన. మళ్ళ టేపు కాడికి ఎందుకు తీస్కపోయినవ్?”

టెక్నిక్ అనొచ్చు. టైమ్ లేదనొచ్చు.

“నీ మొహం చూడలేకపోయాను. నువ్వంటే ఇష్టం. అందుకని.”

నెలల తరబడి దాచుకున్న మాట. అలాంటి చోట బయటపడింది.

“గందుకేనా?” అంది మెల్లగా. “నేను తప్పుతుంటే నువ్వు ఓర్వలేకపోయినవ్. నీ బాధ పోవాలని నన్ను గెలిపించినవ్. గా తప్పులు నావి రఘూ. నాకు కావాల్సినయి.”

“నన్ను క్షమించు.”

“క్షమించిన. గది ఎప్పుడో అయింది. నీ మీద కోపముంటే మంచిగుండేది. కోపం లేదు, ఇష్టమే ఉన్నది. కానీ నిన్ను చూస్తే నాకు గా బాలే కనబడుతది. ఎట్ల చెయ్యాల్నో తెలుస్తలేదు.”

పిట్టగోడ పట్టుకుని ఏడ్చింది. మ్యాచ్ రోజు కూడా ఏడవలేదని శాంతరాజు గారు చెప్పారు. అదంతా ఇప్పుడు వస్తోంది. నా చెయ్యి దానంతటదే లేచింది.

“వద్దు,” అంది. “ఏం చెయ్యకు. ఏం చెప్పకు. గట్లనే ఉండు.”

చెయ్యి దించుకున్నాను. అంతా మళ్ళీ బాగవుతుందనే మాట నాలుక మీద ఉంది. మింగాను. దిగువన స్టేషన్‌లో రైలు వచ్చి ఆగి వెళ్ళింది, ఇంకోటి కూడా వెళ్ళింది. ఆమె ఏడుస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

తర్వాత మొహం కడుక్కుని టీ తెచ్చింది. చక్కెర వెయ్యడం మర్చిపోయింది. చెప్పలేదు, మొత్తం తాగాను. మెట్ల దాకా వచ్చి సాగనంపింది.

“నేను పిలిస్తే రా. పిలవకపోతే రాకు,” అంది. “బతిమిలాడకు. నాన్నతోని చెప్పియ్యకు. నా తిప్పలు నన్ను పడనీ.”

“సరే.”

“నిజంగ రాకుంట ఉంటవా?”

“ఉంటాను.”

ఇది జరిగి ఏడు నెలలు. ఆమె పని చేసే స్కూలు నా గదికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆమె ఇంకా పిలవలేదు. నేను వెళ్ళలేదు.