వెనక గోడకి తలుపు

బందరులో మంచం పట్టిన మనిషికి అద్దెకి ఇల్లు దొరకదు. మనిషి పోతే ఇల్లు మూసిపెట్టాల్సి వస్తుందని ఓనర్ల భయం. నేను కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద, నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. నలభై రెండో ఏట, ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ కుప్పకూలాను. కుడి పక్కంతా చచ్చుబడింది, మాట పోయింది. ఆ నెల్లోనే ఓనరుగారు ఖాళీ చెయ్యమన్నారు. నా భార్య కృపాకుమారి ఊరంతా తిరిగితే అందరూ జాలిపడ్డారు. జాలికేం, ఊరికే వస్తుంది.

చివరికి గుడివాడలో ఉండే నాగభూషణరావుగారు తన బందరు ఇల్లు ఇచ్చారు. దాచకుండా చెప్పారు కూడా.

"మా అమ్మ ఇందులోనే మంచం పట్టి పోయిందమ్మా. నక్షత్రం మంచిది కాదన్నారు. గుమ్మంలోంచి తియ్యకూడదని వెనక గోడ పగలగొట్టి తీసుకెళ్ళాం. తిరిగొచ్చే దారి లేకుండా ఆ రోజే ఇటుకలు పెట్టి పూడ్చేశాం. ఆర్నెల్లు మూసిపెట్టినా ఎవరూ దిగడం లేదు."

"మేం ప్రభువుని నమ్ముకున్నవాళ్ళమండీ. మాకలాంటివి లేవు," అంది కృప. నాకూ నవ్వొచ్చింది, సగం మూతితో.

ముందు వైపు ఏడు మెట్లు. చక్రాల కుర్చీ దిగదు. ఆస్పత్రికి వెళ్ళాలంటే ముగ్గురు మొయ్యాలి. తాపీపని చేసే నా బావమరిది అబ్రహాము వచ్చి, నా గదిలో ఆ కొత్త ఇటుకల మీద తట్టి చూశాడు. అవతల పెరడు మెరక చేసి ఉంది, నేల గదితో సమంగా ఉంది.

"ఇక్కడైతే సులువు బావా," అన్నాడు.

ఒక్క పూటలో పగలగొట్టాడు. తలుపు ఎల్లుండి తెస్తానని గోనెపట్టా వేలాడదీసి, సుత్తి నా మంచం పక్కనే వదిలేసి వెళ్ళాడు. నాగభూషణరావుగారి మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. కానీ కుర్చీ ముఖ్యమనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయింది. వంటింట్లో కృప గంజి వారుస్తోంది. తడిసిన మట్టి వాసనలో మెల్లగా ఇంకో వాసన కలిసింది... రోజుల తరబడి మార్చని పక్కబట్టల వాసన. నాకు బాగా తెలిసిన వాసనే. కానీ నా పక్క ఉదయమే మార్చింది కృప.

గోనెపట్టా లోపలికి ఉబ్బింది. గాలి లేదు.

పాదం ఈడుస్తున్న చప్పుడు... ఆగింది... మళ్ళీ... మంచం దాకా వచ్చింది. ఎవరూ కనపడలేదు. నాలుగు నెలలుగా ఏమీ తెలియని నా కుడి పక్క చల్లబడింది. తర్వాత వేళ్ళు కదిలాయి.

నేను కదపలేదు.

"ఏవండీ... చెయ్యి కదులుతోంది!" కృప పరుగెత్తుకొచ్చింది. "స్తోత్రం ప్రభువా..." అని ఏడుస్తూ ఆ చేతిని చెంపకి ఆనించుకుంది. వద్దని అరిచాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

చెయ్యి ఆమె గొంతు పట్టుకుంది.

నేను బాగున్నప్పుడు కూడా అంత బలం లేదు ఆ చేతికి. కృప తలని ఇనప మంచం అంచుకేసి కొట్టింది. ఒకసారి... రెండోసారి... నుదురు చిట్లి నెత్తురు నా మొహం మీద పడింది. ఎందుకండీ అన్నట్టు నా వంకే చూస్తోంది, పిచ్చిది. ఎడమ చేత్తో సుత్తి తడుముకుని నా చేతినే కొట్టాను. ఎముకలు విరిగిన చప్పుడు వినపడింది, నొప్పి లేదు. వదల్లేదు. మణికట్టు మీద కొట్టాను... మళ్ళీ... మళ్ళీ... అప్పుడు వదిలింది.

నా చెవి పక్కన ఎవరో గుసగుసలాడారు.

"లే... ఇది నా చోటు..."

ఇద్దరం జారిపడ్డామని ఆస్పత్రిలో చెప్పింది కృప. నా చేతికి కట్టు వేసిన డాక్టరుగారు, దీంట్లో ఇంకా చలనం రాలేదన్నారు. అబ్రహాము గోడ మళ్ళీ కట్టేశాడు. ఆ ముసలావిడ బయట ఉండగా కట్టాడో, లోపల ఉండగా కట్టాడో ఎవరం అడగలేదు. అడిగి ఎక్కడికి వెళ్తాం?

రాత్రి పడుకోబోయే ముందు కృప నా కుడి చేతిని పాత చీరతో మంచానికి కట్టింది. "ఏమీ అనుకోకండి," అని నాకు ఎడమ పక్కన పడుకుంది.

ఇప్పుడు బాగా తెల్లారింది. నా ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. విప్పాలని చూస్తే రావడం లేదు. వాటి సందుల్లో పొడుగాటి నల్లటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. పాలతను రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయాడు. కృప ఇంకా లేవలేదు.